బావ గొంతు ఆగిన ఆదివారం

ఆ ఆదివారం మధ్యాహ్నం మా బావ గొంతును ఆపేసింది నేనే. కావాలని చేసింది కాదు. ఉన్నదాన్ని ఇంకొంచెం బాగుచేద్దామని కూర్చుని, ఒక్క అక్షరం తప్పు కొట్టాను. నాలుగు గంటలకు ఇంటి నిండా మనుషులు వస్తారు, వాళ్ళ ముందు బావ మాట్లాడాలి. ఒంటిగంటకు చూస్తే లాప్‌టాప్ తెర నల్లగా ఉంది. దాన్ని మళ్ళీ లేపగలనని నాకు తెలుసు. ఎంతసేపట్లో అన్నదే తెలియదు.

బావ అంటే మా అక్క భర్త. మలేషియాలోని హుటాన్ మెలింటాంగ్‌లో, నది సముద్రంలో కలిసే ఆ ఊళ్ళో, పడవ ఇంజిన్లు బాగుచేస్తాడు. మా అమ్మ పోయినప్పుడు నాకు పదకొండేళ్ళు. అక్క అప్పటికే పెళ్ళయి ఆ ఊరు వెళ్ళిపోయింది. నాన్న తెల్లవారుజామునే రబ్బరు తోటలో పనికి పోయేవాడు, నన్ను చూసుకునే దిక్కు లేదు. ఒకరోజు బావ మోటారు సైకిల్ వేసుకుని వచ్చి, నన్నూ నా బట్టల సంచినీ ఎక్కించుకుని తీసుకుపోయాడు. ఆ తర్వాత నా బడి చదువంతా నది ఒడ్డున ఆయన షెడ్డులో, డీజిల్ వాసన మధ్య సాగింది. ఏ నట్టుకు ఏ స్పానరు పడుతుందో కొలవకుండా చెప్పడం అక్కడే వచ్చింది నాకు.

ఇప్పుడు నేను బంటింగ్‌లో ఒక ఫ్యాక్టరీలో మిషన్ల మరమ్మతు చూస్తాను. అక్కడ ప్యాకింగ్ లైన్లను నడిపే కంప్యూటర్లలో విండోస్ బదులు లినక్స్ ఉంటుంది. దాన్ని నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. లైను ఆగినప్పుడల్లా తెర మీద వచ్చిన ప్రతి ముక్కా చదివేదాన్ని. మగవాళ్ళు మిషను పక్కన తట్టి చూస్తూ ఉంటే నేను చదువుకుంటూ కూర్చునేదాన్ని. అలా చదివి చదివి పట్టుబడింది. నా చేతికొచ్చిన మిషను ఏదీ ఇంతవరకు నన్ను ఓడించి ఇంటికి పంపలేదు. ఆ ఆదివారం నా తప్పు మొదలైంది కూడా బహుశా ఈ ధీమాలోంచే.

అంతకు ముందు ఏడాది బావకు గొంతులో క్యాన్సర్ అని తేలింది. ఈపో ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం పెట్టారు, ఊపిరి దాని గుండానే. నోరు కదులుతుంది కానీ శబ్దం రాదు. ఆ రంధ్రంలోకి నీళ్ళు పోతే ప్రాణానికే ముప్పు కాబట్టి పడవ ఎక్కొద్దన్నారు డాక్టర్లు. ఇంజిన్ మోత మీదుగా అవతలి ఒడ్డుకు వినబడేలా కేకలేసే మనిషి, మెడకు తెల్లటి గుడ్డ కట్టుకుని, ఫిల్టరు డబ్బాల అట్టల మీద మార్కరుతో రాసి చూపించడం మొదలుపెట్టాడు. పడవల వాళ్ళకు మలాయిలో రాసేవాడు, పని జరిగిపోయేది. తోట బడిలో ఆరో తరగతి దాకా తెలుగు చదివాడు కాబట్టి నాకు తెలుగులో రాసేవాడు. చిక్కల్లా అక్కతోనే. అక్కకు ఏ భాషలోనూ చదవడం రాదు. నలభై ఏళ్ళు కాపురం చేసిన ఇద్దరూ ఒకే ఇంట్లో సైగలతో బతకాల్సి వచ్చింది. ఆకలి, నొప్పి, నిద్ర వరకు సైగలు చాలుతాయి. ఆ పైన చాలవు.

ముందు ఫోనుతో ప్రయత్నం చేశాం. బావ టైపు చేస్తే ఫోను చదవాలి. చదివింది కూడా, కానీ ఆడమనిషి గొంతుతో, వార్తలు చదివినట్టు. పైగా ఆయన "సేసినాను" అని కొడితే అది తనంతట తానే "చేశాను" అని దిద్దేది. బావ ఫోను బల్ల మీద బోర్లించి, అట్ట మీద రాశాడు: "ఈమెవులు?"

నిజమే, ఆమె ఎవరు? మా ఫ్యాక్టరీలో పక్కన పడేసిన పాత లాప్‌టాప్ ఒకటి అడిగి తెచ్చుకున్నాను. అందులో లినక్స్ ఎక్కించి, రాసింది చదివే ప్రోగ్రాము పెట్టాను. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగులోకి మారుతుంది, ఒక్క అక్షరం కూడా దిద్దదు. ఎలా రాస్తే అలా పలుకుతుంది. గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది, కానీ మగగొంతు. దాన్ని కొంచెం లావు చేసి, వేగం తగ్గించి, బావ ముందు పెట్టాను. ఆయన చాలాసేపు మీటల వంక చూసి, ఒక్క వేలితో ఏదో కొట్టాడు.

"ఓయ్," అంది లాప్‌టాప్.

పెళ్ళయిన నాటి నుంచి అక్కను ఆయన పిలిచే పిలుపు అదే. వంటింట్లో చేప తోముతున్న అక్క, ఏమీ ఆలోచించకుండానే, "ఆఁ, వత్తన్నాను!" అని బదులిచ్చింది. తర్వాత చేతిలో కత్తితోనే గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయింది. ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. బావ ఇంకోసారి మీట నొక్కాడు. "ఓయ్." అక్క అక్కడే కింద కూర్చుని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

అప్పటి నుంచి ఆ లాప్‌టాప్ ఇంట్లో మూడో మనిషి అయిపోయింది. బావ దానితో బేరాలాడేవాడు, అక్కతో పోట్లాడేవాడు. పక్కింటి చైనా ముసలాయనతో మాట్లాడ్డానికి మలాయి గొంతు కూడా పెట్టించుకున్నాడు.

ఆపరేషన్ జరిగి ఏడాది అయిన సందర్భంగా అక్క ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టింది. మా తోట మూసేశాక అక్కడి కుటుంబాలు చాలావరకు క్లాంగ్ వైపు వెళ్ళి స్థిరపడ్డాయి. వాళ్ళంతా వ్యాను మాట్లాడుకుని వస్తామన్నారు. బావ సాక్ష్యం చెప్పాలని పాస్టరుగారు అడిగారు. మూడు వారాలు కూర్చుని బావ తన సాక్ష్యం టైపు చేసుకున్నాడు. ఎవరికీ చూపించలేదు. నేను వెనక నుంచి వెళితే మూత దించేసేవాడు.

ఆ రోజు ఉదయం అక్కా బావా చర్చికి వెళ్ళారు. నేను ముందు రోజే బంటింగ్ నుంచి వచ్చి, వంటకు సాయంగా ఇంట్లో ఉండిపోయాను. ఆ లాప్‌టాప్ బ్యాటరీ పాతది. రెండుసార్లు ఉన్నట్టుండి ఆగిపోయి, బావ కొట్టిన పేజీ ఒకటి పోయిందని అక్క చెప్పింది. దానికి నేనొక ఉపాయం ఆలోచించాను. వెనక ఎప్పుడూ ఒక పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంచుతాను, బావ రాసిన ప్రతిదానికీ అందులో తనంతట తానే ఒక నకలు పడేలా చేస్తాను. అందుకోసం, మిషను లేచేటప్పుడు ఏయే డిస్కులు తగిలించుకోవాలో రాసి ఉండే పట్టికలో ఈ పెన్‌డ్రైవ్‌ను కూడా చేర్చాలి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అంటారు ఆ ఫైలును. పెన్‌డ్రైవ్‌కు ఎనిమిది అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసుకుని, కాగితం చూసి పట్టికలో ఒక లైను కొట్టి, సేవ్ చేశాను.

అలాంటి మార్పు చేశాక సరిగా పడిందో లేదో పరీక్షించే ఆజ్ఞ ఒకటి ఉంది. ఫ్యాక్టరీలో అయితే అది కొట్టకుండా కుర్చీలోంచి లేవను. సరిగ్గా అప్పుడే పొయ్యి మీద కొబ్బరిపాల కూర పొంగింది. పరుగెత్తాను. వచ్చాక పని అయిపోయిందనుకుని లాప్‌టాప్ కట్టేశాను.

ఒంటిగంటకు బావ చర్చి నుంచి వచ్చి, చొక్కా మార్చుకుని, మిషను వేశాడు. కంపెనీ గుర్తు వచ్చింది, దాని కింద చుక్కలు గుండ్రంగా తిరిగాయి, తిరుగుతూనే ఉన్నాయి. తర్వాత తెర నల్లబడి, ఇంగ్లీషులో నాలుగు తెల్ల వరసలు వచ్చాయి. బావ నన్ను చెయ్యి ఊపి పిలిచాడు. రూట్ ఖాతాకు, అంటే మిషను మీద పూర్తి అధికారమున్న ఖాతాకు, తాళం వేసి ఉంది, ముందుకు పోవాలంటే ఎంటర్ నొక్కు అని ఉంది. నొక్కాను. మళ్ళీ అవే నాలుగు వరసలు. ఇంకోసారి నొక్కాను. అవే.

అక్క సంచీ పక్కన పెట్టి వచ్చింది. "ఏటే, మొకం అలా ఎట్టినావు? ఏటైంది?"

"మిషను లెగట్లేదక్కా."

"నిన్న బాగానే మాటాడినాది కదా! సాయంత్రం కూడా నన్ను తిట్టినాది."

"సూత్తన్నాను, ఉండు."

నేను చూసింది తక్కువ, అనుకున్నది ఎక్కువ. పాత లాప్‌టాప్, లోపల పాత డిస్కు, అదే పోయి ఉంటుందని మనసులో ఖాయం చేసేసుకున్నాను. పెన్‌డ్రైవ్ పీకి మళ్ళీ పెట్టాను, ఆపి మళ్ళీ వేశాను. అదే నలుపు. దాంతో బావ పెట్టెలోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, లాప్‌టాప్ బోర్లించి అడుగు మూత విప్పడం మొదలుపెట్టాను. రెండు మరలు వచ్చేశాయి కూడా.

"ఫోను మాటాడదా? ఫోన్లో సేసేయ్ లా," అంది అక్క, మలాయి వాళ్ళలా మాట చివర 'లా' తగిలించి.

"రాసుకున్నదంతా ఇందులోనే ఉండిపోనాది. ఒక్క ఏలితో మూడు వారాలు కొట్టినాడు. ఇప్పుడు మళ్ళీ కొట్టాలంటే అవుద్దేటి?"

"పోనీ, ఏటి సెప్పాలో బావ అట్ట మీద రాత్తాడు. నువ్వు సదివేయ్. నీకు సదువొచ్చు కదా."

బావ తల అడ్డంగా ఊపాడు. కోపంగా కాదు, కానీ గట్టిగా. అట్ట తీసి రాశాడు: "నా మాట నేనే సెప్పాల." నేను పైకి చదివి వినిపించాను. బావ చెయ్యి మెడ గుడ్డ మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఆయనకు భయం వేసినప్పుడు చెయ్యి అక్కడికి పోతుందని అప్పటికి నాకు తెలుసు.

నేను మూడో మర మీద స్క్రూడ్రైవరు పెట్టాను. బావ నా మణికట్టు పట్టుకుని ఆపాడు. అట్ట తిప్పి వెనకవైపు రాశాడు.

"ఇప్పొద్దు. సివర ఏటి ముట్టినావు?"

"ఏటీ ముట్టలేదు బావా. పొద్దున్న ఒక సిన్న లైను రాసినాను, అంతే."

ఆయన అట్ట మీద "సిన్న లైను" అని రాసి, దాని చుట్టూ ఒక సున్నా చుట్టి, నా ముందుకు జరిపాడు.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు కూడా ఇదే జరిగింది. ఒక చేపల పడవ ఇంజిన్‌కు ఆయిలు ఫిల్టరు మార్చే పని బావ నాకు ఇచ్చాడు. మర్నాడు ఇంజిన్ నిమిషం నడిచి ఆగిపోయింది. పడవ యజమాని పంపు మొత్తం విప్పించబోయాడు. చివర ఏం ముట్టుకున్నావని బావ అడిగితే ఏమీ ముట్టలేదన్నాను. ఆయన నన్ను తిట్టలేదు, ఇంజిన్ పక్కకు తీసుకెళ్ళి నిలబెట్టాడు. ఆయిలు గొట్టం కుళాయి మూసే ఉంది. మూసింది నేనే, తెరవడం మరిచింది నేనే. నిన్న నడిచిన ఇంజిన్ ఇవాళ నడవలేదంటే, నిన్నటికీ ఇవాల్టికీ మధ్య దాని మీద ఎవరి చెయ్యి పడిందో ముందు అడగాలి. విప్పడం ఆ తర్వాతి సంగతి. ఇది నేను ఫ్యాక్టరీలో చేరిన ప్రతి కొత్తవాడికీ చెప్పే మాట. చెప్పే నోటితోనే "ఏటీ ముట్టలేదు" అన్నాను.

విప్పిన రెండు మరలూ మళ్ళీ బిగించాను. లాప్‌టాప్ తిప్పి, బల్లకు ఎదురుగా కుర్చీ లాక్కుని సరిగా కూర్చున్నాను. ఈసారి మిషను వేయగానే ఎస్కేప్ మీట నొక్కి, గుండ్రంగా తిరిగే చుక్కల బొమ్మను పక్కకు తోసేశాను. ఆ బొమ్మ వెనకాల అసలు సంగతంతా నడుస్తూ ఉంటుంది. వరస తర్వాత వరస పచ్చగా సరే, సరే అంటూ పోయి, ఒక్క దగ్గర ఎర్రగా ఆగింది. ఫలానా సంఖ్య గల డిస్కు కోసం ఎదురు చూస్తున్నాను అంటోంది మిషను. పక్కన సెకన్లు లెక్కపెడుతోంది. తొంభై సెకన్లు చూసి, అది రాదని తేల్చుకుని, చేతులెత్తేస్తోంది.

పొద్దున రాసుకున్న కాగితం వెతికి తెచ్చి, తెర పక్కన పెట్టాను. మొదటి రెండు అక్షరాలు సరిపోయాయి. మూడోది కాగితం మీద ఎనిమిది, తెర మీద బి. నా చేతిరాతలో ఎనిమిదికి ఎడమవైపు గీత నిలువుగా పడుతుంది. నేను రాసుకున్నదాన్ని నేనే బి అని చదివాను. డిస్కు నిక్షేపంగా ఉంది. ఈ లోకంలో లేని పెన్‌డ్రైవ్ కోసం మిషను నా మాట నమ్మి ఎదురు చూస్తోంది, అంతే.

"దొరికినాది బావా," అన్నాను. కాగితం మీద ఎనిమిదినీ తెర మీద బినీ వేలితో చూపించాను. బావ రెండూ చూసి, కుర్చీలో వెనక్కి వాలాడు. మెడ మీద నుంచి చెయ్యి దిగింది.

"అయితే బాగైపోనాదా?" అంది అక్క.

"ఇంకా నేదు. జబ్బేటో తెలిసినాది. మందు ఎయ్యాల."

మందు వెయ్యాలంటే లోపలికి పోవాలి, తలుపేమో మూసి ఉంది. ఇలాంటి సమయంలో మిషను మరమ్మతు గదిలోకి రానివ్వాలంటే రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఈ రకం లినక్స్‌లో ఆ ఖాతాకు మొదటి నుంచీ తాళమే ఉంటుంది. ఎంటర్ నొక్కినప్పుడల్లా అవే నాలుగు వరసలు రావడం అందుకే. కానీ ఇంకో దారి ఉంది. మిషను పూర్తిగా లేవకముందే, గ్రబ్ అనే చిన్న మెనూలో దాన్ని పట్టుకుని, మామూలు దారిలో పోకు, నన్ను నేరుగా లోపల దింపు అని చెప్పొచ్చు. దాన్ని ఒక క్షణంలో పట్టుకోవాలి. మొదటిసారి ఆలస్యమై చేజారింది. మళ్ళీ తొంభై సెకన్లు. రెండోసారి కంగారులో ఎస్కేప్ ఎక్కువసార్లు నొక్కి, మెనూ దాటి ఖాళీ తెరలోకి పోయాను. మూడోసారి ఊపిరి బిగబట్టి, రెండే రెండుసార్లు నొక్కాను. మెనూ వచ్చి నిలబడింది.

ఇక అక్కడి నుంచి నాకు తెలిసిన వీధే. మొదటి వరస తెరిచి, చివరన నాలుగు ముక్కలు చేర్చి, నడవమన్నాను. అలంకారాలేవీ లేకుండా, నల్లటి తెర మీద ఒక్క తెల్ల గీత మెరుస్తూ వచ్చింది. పాస్‌వర్డ్ అడగలేదు. పట్టిక తెరిచాను. పొద్దున రాసిన లైను అక్కడే ఉంది. దాని ముందు ఒక గుర్తు పెడితే మిషను ఇక దాన్ని చదవకుండా వదిలేస్తుంది. గుర్తు పెట్టి సేవ్ చేయబోతే, రాయడానికి వీల్లేదు, ఇది చదవడానికి మాత్రమే అంది.

అక్క నా భుజం మీదుగా చూస్తోంది. చదవడం రాకపోయినా నా వేళ్ళు ఆగడం ఆమెకు అర్థమైంది.

"ఏటి మళ్ళీ?"

"ఏటీ నేదక్కా. గడి తియ్యడం మరిసినాను."

నిజంగా అంతే. ఇలా దొడ్డిదారిన వచ్చినప్పుడు మిషను డిస్కును చూడనిస్తుంది కానీ రాయనివ్వదు. రాయనివ్వమని విడిగా అడగాలి. అడిగాను. మళ్ళీ పట్టిక తెరిచి, గుర్తు పెట్టి, సేవ్ చేశాను. ఈసారి మారు మాట లేకుండా రాసుకుంది. మిషను ఆపి, మళ్ళీ వేశాను.

చుక్కలు ఒక చుట్టు తిరిగాయి, రెండో చుట్టు సగంలో ఆగాయి. తర్వాత బావ పెట్టుకున్న పడవ ఫోటో తెర నిండా వచ్చింది, దాని మీద మాట్లాడే ప్రోగ్రాము తనంతట తానే తెరుచుకుంది. నేను లేచి కుర్చీ ఆయనకు ఇచ్చాను. ఆయన కూర్చుని, అద్దాలు సవరించుకుని, ఒక్క వేలితో కొట్టాడు.

"అన్నం తిన్నావేటి?" అని అడిగింది లాప్‌టాప్.

రెండున్నర దాటింది. పొద్దుటి నుంచి నేనేమీ తినలేదని అప్పుడే గుర్తొచ్చింది. అక్క నవ్వుతూ కంచం తేవడానికి వెళ్ళింది. నేను మాత్రం తినేముందు ఇంకో పని చేశాను. ఎనిమిదిని ఎనిమిదిగా కొట్టి ఆ లైను సరిచేశాను. పెన్‌డ్రైవ్ కనబడకపోతే ఎదురు చూడకుండా దాటిపో అనే మాట కూడా దాని చివర చేర్చాను. పరీక్ష ఆజ్ఞ కొట్టాను. పెన్‌డ్రైవ్ ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి మిషను ఆపి లేపాను. రెండుసార్లూ లేచింది. అప్పుడు వెళ్ళి చెయ్యి కడుక్కున్నాను.

వాన మొదలవడంతో వ్యాను నాలుగున్నరకు వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీలు చాలక పిల్లలు చాపల మీద కూర్చున్నారు. పాటలయ్యాయి, ప్రార్థన అయింది. పాస్టరుగారు బావ వైపు చెయ్యి చూపించారు. లాప్‌టాప్‌కు నేనొక స్పీకరు తగిలించాను. బావ లేచి నిలబడి, చెయ్యి చాచి ఒక్క మీట నొక్కాడు.

రేకు గొంతు మొదలవగానే చాప మీద ఇద్దరు పిల్లలు కిసుక్కుమన్నారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. దేవునికి స్తోత్రం చెప్పాడు, డాక్టర్లకు చెప్పాడు, వ్యాను మాట్లాడుకుని వచ్చినవాళ్ళకు చెప్పాడు. ఆ తర్వాత ఉన్నట్టుండి ఇలా వచ్చింది:

"ఆపరేసనైన మూడో నెల్లో ఒక రోజు నా ఇంటిదాని మీద కంజి గిన్నె ఇసిరినాను. నేను సెప్పింది ఆవిడికి తెలవక, నాకు కోపమొచ్చినాది. ఆవిడ గోడ తుడుసుకుని, మళ్ళీ కంజి కాసి తెచ్చినాది. నన్ను ఒక మాట అననేదు. అనినా నేను తిరిగి అననేను కదా, అందుకని అననేదు. మన్నించమని అట్ట మీద రాసినాను. ఆవిడికి సదవడం రాదు. ఎవుల సేతా సదివించడానికి నాకు సిగ్గేసినాది. ఇప్పుడు అందరి ముందర నోటితో సెప్పుతన్నాను. ఓయ్, నన్ను మన్నించు."

క్లాంగ్ నుంచి వచ్చిన పడుచువాళ్ళలో సగం మందికి తెలుగు వింటే అర్థమవుతుంది కానీ మాట్లాడ్డం అంతగా రాదు. వాళ్ళు కూడా తల ఎత్తి అక్క వైపు చూస్తున్నారు. నాకు గిన్నె సంగతి అప్పటిదాకా తెలియదు. అక్క నాకు ఎప్పుడూ చెప్పలేదు.

అక్క లేచి ఆయన దగ్గరికి వెళ్ళింది. "ఇప్పుడెందుకయ్యా ఇయన్నీ," అంది మెల్లగా. పక్కకు జరిగిపోయిన ఆయన మెడ గుడ్డను అందరి ముందూ సరిచేసి, ముడి గట్టిగా వేసింది. తర్వాత మా వైపు తిరిగి, "లెగండి లా, అన్నాలు సల్లారిపోతన్నాయి," అంది.

మూడు వారాలు ఆయన మూత దించి దాచుకున్నది ఇది. నేను చదివేస్తే సరిపోతుందని మధ్యాహ్నం అక్క అన్నప్పుడు, ఆయన తల ఎందుకు అడ్డంగా ఊపాడో నాకు కూర వడ్డిస్తున్నప్పుడు అర్థమైంది.

మర్నాడు బంటింగ్ బస్సు ఎక్కేముందు బావను పక్కన కూర్చోబెట్టుకున్నాను. కావాలనే ఆ పట్టికలో తప్పు సంఖ్య రాసి, మిషను పడేసి, లేపమన్నాను. రెండు గంటలు పట్టింది. ప్రతి మెట్టూ తెలుగులో ఆయనే తన నోటుబుక్కులో రాసుకున్నాడు, ఇంజిన్‌కు బొమ్మలు గీసుకున్నట్టే బాణాలు గీసి. రెండోసారి పడేశాను, అరగంటలో లేపాడు. మూడోసారి పడేస్తానంటే లాప్‌టాప్ నా చేతిలోంచి లాక్కున్నాడు.

మూడు నెలల తర్వాత మా సంఘంలో ఒకావిడ ద్వారా కబురు వచ్చింది. సుంగై పెటానిలో ఒక తమిళాయన, బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు, ఆయనకూ ఇదే ఆపరేషన్ జరిగింది, మనిషి గదిలోంచి బయటకు రావడం లేదట. మా ఫ్యాక్టరీలో ఇంకో పాత లాప్‌టాప్ అడిగి తీసుకుని, నా కారులో హుటాన్ మెలింటాంగ్ వెళ్ళి బావను ఎక్కించుకున్నాను. ఆయన బట్టల సంచీతో పాటు నోటుబుక్కు కూడా తెచ్చుకున్నాడు.

ఆ ఇంట్లో నేను వరండాలో కూర్చుని టీ తాగాను. లినక్స్ ఎక్కించింది బావ, తమిళ గొంతు పెట్టింది బావ. మధ్యలో ఏదో సరిగా పడక ఒకసారి నా వైపు చూశాడు. నేను కప్పు దించలేదు. ఆయన నోటుబుక్కు తిరగేసి, అద్దాలు పైకి నెట్టి, తెర మీద వచ్చింది మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు. కాసేపటికి లోపలి నుంచి తమిళంలో మగగొంతు ఒకటి వినబడింది. టీలో పంచదార వెయ్యడం లేదేం, ఐదు నెలల నుంచి చప్పటి నీళ్ళు తాగుతున్నాను అని అడుగుతోంది. డాక్టరు వద్దన్నాడని ఆయన భార్య గట్టిగా బదులిచ్చింది. ఎప్పుడన్నాడని అది మళ్ళీ అడిగింది. ఆ తర్వాత ఆ ఇంట్లో చాలాసేపు ఎవరూ మా ఊసు పట్టించుకోలేదు.

తిరుగు దారిలో బావ తన లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఈపో దాటేలోపు, నేను అవసరం లేని చోట బ్రేకు నొక్కుతున్నానని మూడుసార్లు చెప్పాడు.